చదువు వీసానా, ఉద్యోగ వీసానా: మొదటి వీసా ఎంచుకునే ముందు దాని తరువాతి వీసాను చూడండి

విదేశానికి వెళ్లి స్థిరపడాలనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ‘ఏ వీసా తొందరగా వస్తుంది?’ అనేది. దానికి జవాబు చాలాసార్లు స్టూడెంట్ వీసాయే. ప్రవేశపత్రం, చాలినంత డబ్బు, భాషా పరీక్షలో మార్కులు ఉంటే దరఖాస్తు మన చేతిలో ఉంటుంది. వర్క్ వీసాకైతే మనల్ని ఎన్నడూ చూడని యజమాని ఒకరు మన కోసం కాగితాలు పెట్టడానికి ముందుకు రావాలి. కానీ ఆ తొందరగా వచ్చిన వీసా గడువు కూడా ఏదో ఒక రోజు ముగుస్తుంది. ఆ మరునాడు ఏ వీసా మీద ఉంటాం, దాన్ని ఇప్పించేది ఎవరు, అప్పటికి మన వయసెంత, మిగిలిన అప్పెంత అన్నవాటికి సమాధానం దొరికాకే మొదటి వీసా సంగతి తేల్చుకోవాలని నా అభిప్రాయం.

ఉదాహరణలన్నీ అమెరికా, బ్రిటన్, కెనడా, జర్మనీ, ఆస్ట్రేలియాలవి. అంకెలు 2025 చివరి నాటివి. గత రెండు మూడేళ్లలో ఈ ఐదు దేశాలూ నిబంధనలను పలుమార్లు మార్చాయి కనుక, దరఖాస్తు చేసే వారంలో ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో అంకెలను మళ్లీ సరిచూసుకోవాలి.

## ముందు తూచవలసినవి

మొదటిది ఖర్చు ఎవరిది, ఎప్పుడు అన్నది. స్టూడెంట్ వీసాలో డబ్బు ముందే బయటికి పోతుంది, సంపాదన తరువాత వస్తుందేమోనన్న ఆశ ఉంటుంది. వర్క్ వీసాలో మొదటి నెల నుంచే జీతం వస్తుంది, రుసుముల్లో కొన్నింటిని చట్టప్రకారం యజమానే భరించాలి.

రెండోది, అక్కడ ఉండే హక్కు ఎవరి చేతిలో ఉంది అన్నది. విద్యార్థి హక్కు విశ్వవిద్యాలయంలో నమోదు మీద, హాజరు మీద, ఉత్తీర్ణత మీద ఆధారపడుతుంది. ఇవి చాలావరకు విద్యార్థి చేతిలోనివే. ఉద్యోగి హక్కు యజమాని మీద ఆధారపడుతుంది. సంస్థ మూతపడినా, విభాగం తీసేసినా, పై అధికారితో పొసగకపోయినా పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు, నివాస హక్కు కూడా. ఈ తేడాను కాగితం మీద చదివినప్పుడు చిన్నదిగానే తోస్తుంది.

మూడోది, గడిపిన కాలం శాశ్వత నివాసపు లెక్కలోకి వస్తుందా అన్నది. చాలామంది పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికన్నా బరువైనది ఇదే. బ్రిటన్‌లో విద్యార్థిగా గడిపిన సంవత్సరాలు, చదువయ్యాక అక్కడే ఉండి పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా కాలం, స్కిల్డ్ వర్కర్ అనే ఉద్యోగ వీసా మీద శాశ్వత నివాసానికి కావలసిన ఐదేళ్ల లెక్కలో చేరవు. ఆ ఐదేళ్లను చాలామందికి పదేళ్లు చేయాలని అక్కడి ప్రభుత్వం 2025 మేలో ప్రతిపాదించింది కూడా. కెనడాలో పాయింట్లను బట్టి శాశ్వత నివాసానికి ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలోని కెనేడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌కు ఏడాది నైపుణ్య ఉద్యోగానుభవం కావాలి. పూర్తికాల విద్యార్థిగా ఉంటూ చేసిన పనిని దానికి లెక్కించరు. అంటే ‘రెండేళ్ల ముందే వెళ్లాను కాబట్టి రెండేళ్ల ముందే స్థిరపడతాను’ అన్న అంచనా ఈ రెండు చోట్లా తప్పుతుంది.

నాలుగోది కుటుంబం, ఐదోది వయసు. వీటి ప్రభావం మనిషిని బట్టి మారుతుంది కనుక ఎవరికి ఏది అన్న చోట వాటి గురించి చెబుతాను.

## స్టూడెంట్ వీసా: డబ్బుతో కొనుక్కునే కాలం

ట్యూషన్ ఫీజు చదువుకు మాత్రమే చెల్లించేది కాదు. ఆ దేశంలో ఉంటూ భాష నేర్చుకోవడానికి, ఇంటర్న్‌షిప్ చేయడానికి, యజమానుల ఎదుట కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వడానికి దొరికే కాలానికి కూడా అది వెల. అందుకే ఒక కోర్సు ఖరీదైనదా కాదా అన్నది ఫీజును బట్టి కాక, ఆ ఫీజుకు ఎంత కాలం, ఎలాంటి కాలం దొరుకుతుందన్నదాన్ని బట్టి తేల్చాలి.

ఫీజు కాక జీవనవ్యయాన్ని కూడా ముందే చూపాలి. జర్మనీకి నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు కొంత చొప్పునే తీసుకోగల ఖాతాలో వేయడం వాడుకలో ఉన్న పద్ధతి. కెనడా 2025 సెప్టెంబరు 1 నుంచి క్యూబెక్ మినహా మిగతా ప్రాంతాలకు ఒంటరి విద్యార్థి 22,895 కెనడా డాలర్లు చూపాలంటోంది. ఆస్ట్రేలియాలో స్టూడెంట్ వీసా దరఖాస్తు రుసుమే 2025 జులై నుంచి 2,000 ఆస్ట్రేలియా డాలర్లయింది. వీసా రాకపోతే అది సాధారణంగా తిరిగి రాదు. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు గానీ, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది.

చదువుతూ పని చేసుకుని ఫీజు కట్టుకోవచ్చన్నది స్టూడెంట్ వీసా చుట్టూ అల్లుకున్న అతి పెద్ద భ్రమ. పార్ట్‌టైమ్ సంపాదన అద్దెలో, సరుకుల్లో కొంత భాగానికి సరిపోవచ్చు. ట్యూషన్ ఫీజుకు సరిపోతుందని లెక్క వేసుకుని బయలుదేరకూడదు. గంటల పరిమితి దాటి పని చేస్తే వీసా షరతును ఉల్లంఘించినట్టే. ఇది తరువాతి దరఖాస్తులన్నిటినీ వెంటాడుతుంది.

స్టూడెంట్ వీసా ఇచ్చేవారు అడిగే ప్రశ్న ఒకటుంది: నిజంగా చదువుకోవడానికే వస్తున్నావా? అమెరికా స్టూడెంట్ వీసా అయిన ఎఫ్‌1లో చదువయ్యాక తిరిగి వెళ్లే ఉద్దేశం ఉందని అధికారిని నమ్మించే బాధ్యత దరఖాస్తుదారుదే. అక్కడి ప్రధాన వర్క్ వీసా అయిన హెచ్‌1బిలో అలాంటి చిక్కు లేదు. దాని మీద ఉంటూనే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆస్ట్రేలియా 2024 మార్చిలో తన పాత పరీక్షను మార్చి, అసలైన విద్యార్థే అని చూపుకునే నిబంధన తెచ్చింది. పదేళ్ల అనుభవం ఉన్న ఇంజినీరు ఒక ప్రాథమిక డిప్లొమాలో చేరతానంటే, ఏ దేశపు అధికారికైనా అనుమానం రాక మానదు.

## వర్క్ వీసా: యజమాని పేరు మీద ఉన్న కాలం

వర్క్ వీసాకు రెండు తాళాలు. ఒకటి ఉద్యోగం, రెండోది ఆ ఉద్యోగం వీసాకు అర్హమైనది కావడం. బ్రిటన్‌లో 2025 జులై 22 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకు ఉద్యోగం పట్టభద్ర స్థాయిది కావాలి, సాధారణంగా జీతం ఏడాదికి 41,700 పౌండ్లు లేదా ఆ వృత్తికి నిర్ణయించిన మొత్తం, వీటిలో ఏది ఎక్కువైతే అది ఉండాలి. విదేశీయులను నియమించుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే స్పాన్సర్‌షిప్ లైసెన్సు లేని సంస్థ ఎంత మంచి జీతం ఇస్తానన్నా ప్రయోజనం లేదు. జర్మనీలో ఉన్నత అర్హతలున్న ఉద్యోగులకు ఇచ్చే ఐరోపా బ్లూ కార్డుకు జీతపు కనీస పరిమితి ఏటా మారుతుంది. కొరత ఉన్న వృత్తులకు, ఇటీవలే పట్టా పొందినవారికి అది తక్కువ.

అమెరికా సంగతి వేరు. హెచ్‌1బికి ఏటా 65,000, అక్కడి విశ్వవిద్యాలయాల్లో మాస్టర్స్ లేదా అంతకన్నా పై చదువు చదివినవారికి అదనంగా 20,000 సంఖ్యా పరిమితి ఉంది. దరఖాస్తులు అంతకు మించితే అందరికీ అవకాశం దక్కదు. ఉద్యోగం ఉన్నా, అర్హత ఉన్నా, యజమాని సిద్ధంగా ఉన్నా వీసా రాకపోవడం అక్కడ మామూలు విషయం. దీనిపై 2025 సెప్టెంబరులో మరో భారం పడింది: దేశం వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు చెల్లించాలని అధ్యక్షుడి ప్రకటన వెలువడింది. అక్కడే ఉంటూ ఎఫ్‌1 నుంచి హెచ్‌1బికి మారేవారికి అది వర్తించదని వలస విభాగం అక్టోబరులో వివరించింది. ఒకే మనిషి, ఒకే ఉద్యోగం. దరఖాస్తు నాటికి ఎక్కడ ఉన్నారన్నదాన్ని బట్టి యజమానికి లక్ష డాలర్ల తేడా. అమెరికా విషయంలో చదువు దారి ఖరీదైనదైనా ఇప్పటికీ ఎందుకు నిలిచి ఉందో చెప్పడానికి ఇది చాలు.

బయట నుంచి నేరుగా హెచ్‌1బికి ప్రయత్నించేవారు మరిచిపోయే దారి మరొకటుంది. బహుళజాతి సంస్థలో గత మూడేళ్లలో వరసగా ఏడాది పని చేసిన మేనేజరు, లేదా ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగి, అదే సంస్థ అమెరికా శాఖకు ఎల్‌1 వీసా మీద బదిలీ కావచ్చు. దానికి వార్షిక సంఖ్యా పరిమితి లేదు, జీవిత భాగస్వామికి పని చేసే హక్కు ఉంది. ఇబ్బందల్లా ఆ వీసాతో వేరే సంస్థకు మారలేకపోవడమే.

## ఒకే చోట చూస్తే

| దేశం | చదువుతూ పని | చదువయ్యాక | వర్క్ వీసాలో ఉద్యోగం పోతే |
|---|---|---|---|
| అమెరికా | తరగతుల కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు | ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి) 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు మరో 24 నెలలు | హెచ్‌1బిలో గరిష్ఠంగా 60 రోజులు |
| బ్రిటన్ | పట్టా కోర్సులకు తరగతుల కాలంలో వారానికి 20 గంటలు | గ్రాడ్యుయేట్ వీసా 2 ఏళ్లు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలు. పీహెచ్‌డీకి 3 ఏళ్లు | సాధారణంగా 60 రోజులు |
| కెనడా | క్యాంపస్ వెలుపల వారానికి 24 గంటలు | అర్హమైన కోర్సులకు 8 నెలల నుంచి 3 ఏళ్ల వరకు వర్క్ పర్మిట్ | పర్మిట్ గడువు వరకు ఉండవచ్చు. వేరే యజమాని వద్ద పనికి కొత్త అనుమతి కావాలి |
| జర్మనీ | ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు | ఉద్యోగ అన్వేషణకు 18 నెలలు | విదేశీయుల కార్యాలయానికి తెలపాలి |
| ఆస్ట్రేలియా | తరగతుల కాలంలో రెండు వారాలకు 48 గంటలు | తాత్కాలిక గ్రాడ్యుయేట్ వీసా. చాలామందికి 35 ఏళ్ల వయోపరిమితి | ఒకసారికి 180 రోజులు |

పట్టికలో మూడో నిలువు వరుస ఆకర్షణీయంగా ఉంటుంది, కన్సల్టెన్సీల ప్రకటనలు ఆగేది కూడా అక్కడే. చివరి నిలువు వరుసను రెండుసార్లు చదవాలి. అరవై రోజుల్లో ఉద్యోగం వెతికి, ఇంటర్వ్యూలు దాటి, కొత్త యజమాని చేత పిటిషన్ వేయించడం ఎంత కష్టమో పిల్లలను బడిలో చేర్చి, ఏడాది అద్దె ఒప్పందం రాసినవారికి తెలుస్తుంది. నూట ఎనభై రోజులు ఇవ్వడం ద్వారా ఆస్ట్రేలియా ఉద్యోగికి ఇచ్చింది నాలుగు నెలలు ఎక్కువే కాదు, చెడ్డ యజమానిని వదిలి వెళ్లే ధైర్యం కూడా.

చదువయ్యాక దొరికే కాలంలోనూ తేడాలున్నాయి. అమెరికా ఓపీటీలో మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. బ్రిటన్ గ్రాడ్యుయేట్ వీసాలో అలాంటి లెక్క లేదు. కెనడాలో కొన్ని కోర్సులకు 2024 నవంబరు నుంచి ఏ రంగంలో చదివారన్న షరతు కూడా చేరింది. డిగ్రీలు కాని కోర్సుల్లో చేరేవారు తమ కోర్సు ఆ జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోవాలి.

## ఎవరికి ఏది

ఇప్పుడే డిగ్రీ పూర్తయి, అనుభవం లేనివారు. వీరికి వర్క్ వీసా దారి దాదాపు మూసే ఉంటుంది. ఆస్ట్రేలియాలో యజమాని స్పాన్సర్ చేసే స్కిల్స్ ఇన్ డిమాండ్ వీసాకే కనీసం ఏడాది అనుభవం కావాలి. అయితే దాని అర్థం వెంటనే చదువుకు వెళ్లమని కాదు. రెండేళ్లు ఉన్నచోటే ఉద్యోగం చేసి వెళ్లినవారికి మాస్టర్స్ తరువాత ఉద్యోగం వెతకడంలో చూపడానికి ఏదో ఒకటి ఉంటుంది, అప్పు కూడా తగ్గుతుంది. బ్రిటన్‌లో చదివి అక్కడే వీసా మారేవారిని కొత్తగా వృత్తిలోకి వచ్చినవారిగా లెక్కించి జీతపు పరిమితిని 33,400 పౌండ్లకు తగ్గిస్తారు. యజమాని కోణంలో ఇది పెద్ద వెసులుబాటే గానీ, గ్రాడ్యుయేట్ వీసా కాలంతో కలిపి నాలుగేళ్లకు మించి వర్తించదు. ఆ నాలుగేళ్లు ముగిసేసరికి జీతం పూర్తి పరిమితిని అందుకోవాలి.

ఐదు నుంచి పదేళ్ల అనుభవం ఉన్నవారు. వీరికే ఎంపిక నిజంగా కష్టం. స్టూడెంట్ వీసా తేలిక, వర్క్ వీసా లాభం. రెండేళ్ల జీతాన్ని వదులుకుని, ఫీజు కట్టి, ఆఖరుకు తమకన్నా చిన్నవారితో పాటు ప్రారంభ స్థాయి ఉద్యోగాలకు పోటీ పడడం ఎంత భారమో ముందే కాగితం మీద వేసుకోవాలి: ఫీజు, జీవనవ్యయం, పోయిన జీతం, అప్పు వడ్డీ. ఆ మొత్తాన్ని చూశాక ఏడాది పాటు ఓపికగా స్పాన్సర్లను వెతకడం అంత పెద్ద శ్రమ అనిపించదు. రంగం మారాలనుకునేవారికి, అంటే అమ్మకాల నుంచి డేటా విశ్లేషణకో, సివిల్ నుంచి పునరుత్పాదక శక్తికో వెళ్లాలనుకునేవారికి మాత్రం చదువు తప్పదు. ఉన్న రంగంలోనే కొనసాగేవారు వీసా కోసమే రెండో మాస్టర్స్ చేయడాన్ని నేను సమర్థించలేను.

ఈ వర్గంలోని వారికి మధ్యదారి కూడా ఉంది. జర్మనీ 2024 జూన్ 1న ఛాన్సెన్‌కార్టె అనే ఉద్యోగ అన్వేషణ అనుమతిని ప్రారంభించింది. గుర్తింపు ఉన్న డిగ్రీ లేదా కనీసం రెండేళ్ల వృత్తి శిక్షణ, దాంతోపాటు ప్రాథమిక జర్మన్ లేదా మంచి స్థాయి ఇంగ్లిష్, వయసు, అనుభవం వంటివాటికి కనీసం 6 పాయింట్లు ఉంటే, ఏడాది వరకు అక్కడే ఉండి వెతకవచ్చు. వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. ట్యూషన్ ఫీజు లేదు, కానీ ఉద్యోగం దొరకకపోతే చేతిలో పట్టా కూడా ఉండదు. జర్మన్ భాష రానివారికి ఆ ఏడాది ఇట్టే గడిచిపోతుంది కనుక, వెళ్లకముందే భాషలో మధ్యస్థ స్థాయికి చేరడం మంచిది. అక్కడే నేర్చుకుందామనుకుంటే ఆ స్థాయికి చేరేలోపు అనుమతి కాలంలో సగం పోతుంది.

పెళ్లయినవారు, పిల్లలున్నవారు. బ్రిటన్ 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సుల్లో ఉన్నవారిని, ప్రభుత్వ ఉపకారవేతనం పొందేవారిని మినహాయించి కొత్త విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకోవడాన్ని ఆపేసింది. కెనడాలో 2025 జనవరి 21 నుంచి 16 నెలలు లేదా అంతకన్నా ఎక్కువ కాలపు మాస్టర్స్, పీహెచ్‌డీ, కొన్ని వృత్తి డిగ్రీలు చదివేవారి జీవిత భాగస్వాములకే ఓపెన్ వర్క్ పర్మిట్ అర్హత ఉంది. అమెరికాలో ఎఫ్‌1 విద్యార్థి భాగస్వామి ఎఫ్‌2 మీద ఉద్యోగం చేయలేరు. హెచ్‌1బి ఉద్యోగి భాగస్వామికి కూడా గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం వెళ్లాకే ఆ వీలు దొరుకుతుంది. జర్మనీ బ్లూ కార్డు, ఆస్ట్రేలియా స్కిల్స్ ఇన్ డిమాండ్ వీసాల మీద వెళ్లేవారి భాగస్వాములకు పని చేసే స్వేచ్ఛ ఉంది. ఇద్దరూ సంపాదిస్తున్న కుటుంబంలో ఒకరి ఆదాయం రెండు మూడేళ్లు ఆగిపోవడం ఏ ఫీజుకూ తీసిపోని ఖర్చు. దంపతుల్లో ఎవరి వృత్తికి విదేశంలో కొరత ఎక్కువో చూసి, వారి పేరు మీదే వర్క్ వీసాకు ప్రయత్నించడం తెలివైన పని; అది భర్తదే కానక్కరలేదు.

ముప్ఫై ఐదు దాటినవారు. కెనడా పాయింట్ల పట్టికలో వయసుకు గరిష్ఠ మార్కులు 20 నుంచి 29 మధ్య. ఆ తరువాత ఏటా తగ్గుతూ 45కు సున్నా అవుతాయి. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి చాలామందికి గ్రాడ్యుయేట్ వీసా వయోపరిమితి 35. పరిశోధన డిగ్రీలవారికి మాత్రం 50. ముప్ఫై నాలుగేళ్లకు రెండేళ్ల మాస్టర్స్‌లో చేరినవారు పట్టా చేతికి వచ్చేసరికి ఆ వీసాకు అనర్హులు కావచ్చు.

నర్సులు, వైద్యులు, ఉపాధ్యాయులు, ఎలక్ట్రీషియన్లు. లైసెన్సు ఉంటేనే చేయగల వృత్తులు ఇవి. వీసా కన్నా ముందు అర్హతల గుర్తింపు, ఆ దేశపు వృత్తి మండలిలో నమోదు చూసుకోవాలి. గుర్తింపు దొరికితే నేరుగా వర్క్ వీసా, కొంత లోటు ఉందంటే దాన్ని పూడ్చే చిన్న శిక్షణ. రెండేళ్ల సాధారణ మాస్టర్స్ వల్ల లైసెన్సు దగ్గర పడదు.

శాశ్వత నివాసమే గురి అయినవారు. జర్మనీలో బ్లూ కార్డు మీద 27 నెలలకు, జర్మన్ మధ్యస్థ స్థాయిలో వస్తే 21 నెలలకు శాశ్వత నివాస అనుమతి అడగవచ్చు. అక్కడే చదివినవారు పట్టా తరువాత రెండేళ్ల ఉద్యోగంతో అడగవచ్చు. అంటే చదువు దారి, ఉద్యోగం దారి చివర్లో దాదాపు కలుస్తాయి, తేడా చదువుకు పట్టిన కాలమే. అమెరికాలో గ్రీన్‌కార్డు నిరీక్షణ పుట్టిన దేశం మీద ఆధారపడుతుంది, ఎందుకంటే ఏటా ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరాదన్న పరిమితి ఉంది. ఎక్కువ దరఖాస్తులున్న దేశాల్లో పుట్టినవారికి ఏ వీసాతో వెళ్లినా ఆ వరుస ఒక్కటే.

## డబ్బు కట్టేముందు

ఉద్యోగం ఇప్పిస్తామని, స్పాన్సర్‌షిప్ పత్రానికి రుసుమని ఎవరైనా అడిగితే అక్కడే ఆగిపోవాలి. బ్రిటన్‌లో విదేశీ ఉద్యోగిని తీసుకునే యజమాని కట్టే ఇమ్మిగ్రేషన్ స్కిల్స్ ఛార్జ్‌ను, కెనడాలో విదేశీయులను నియమించుకునేందుకు యజమాని పొందే ఎల్‌ఎంఐఏ అనుమతి రుసుమైన 1,000 డాలర్లను యజమాని ఉద్యోగి నుంచి రాబట్టుకోకూడదు. బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న స్పాన్సర్ల పట్టికను ప్రభుత్వమే ప్రచురిస్తుంది. ఆఫర్ లెటర్ మీది పేరు అందులో అక్షరం తప్పకుండా ఉందో లేదో చూడడానికి ఐదు నిమిషాలు చాలు. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఉద్యోగం నిజమైనదని కాదు గనుక, సంస్థ తన అధికారిక చిరునామా నుంచే మాట్లాడుతోందా, జీతం, పనివేళలు, పని స్థలం ఒప్పందంలో రాసి ఉన్నాయా అన్నవి కూడా చూడాలి. బాండ్ పేరుతో ముందే వెళ్లిపోతే ఇంత కట్టాలన్న నిబంధన ఉంటే, ఆ దేశపు చట్టం దాన్ని ఎంతవరకు అనుమతిస్తుందో తెలుసుకున్నాకే సంతకం చేయాలి.

చదువు దారిలోనైతే కెనడాకు వెళ్లేవారు తమ కళాశాల గుర్తింపు ఉన్న విద్యాసంస్థల జాబితాలో ఉందా అన్నదే కాక, ఆ కోర్సు చదువయ్యాక వచ్చే వర్క్ పర్మిట్‌కు అర్హమైనదేనా అన్నది విడిగా చూడాలి. మొదటిది ఉండి రెండోది లేని కోర్సులు ఉన్నాయి. వీసా తిరస్కరణకు గురైతే ఫీజు ఎంత తిరిగి వస్తుంది, ఎన్నాళ్లలో వస్తుంది అన్నది విశ్వవిద్యాలయం చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. ఒక దేశం వీసా నిరాకరించిన సంగతిని మరో దేశపు దరఖాస్తు ఫారం చాలాసార్లు అడుగుతుంది. దాచిపెట్టి దొరికిపోతే పడే శిక్ష నిరాకరణ కన్నా పెద్దది. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా ఐదేళ్లు, బ్రిటన్ పదేళ్ల వరకు దరఖాస్తులను నిషేధించగలవు. అందుచేత ఏ వీసాకు నిజంగా అర్హులో తేలకముందే, ‘ఒకసారి వేసి చూద్దాం’ అని ఏజెంటు ఇచ్చే సలహా మీద సంతకం పెట్టకూడదు.